తెర అటు, మనిషి ఇటు

కాలు వాచిందనో, నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేస్తున్నాయనో వెళ్తే డాక్టరుగారు చీటీ మీద ‘డాప్లర్’ అని రాస్తారు. రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్ అది, బెంగపడాల్సిన పరీక్ష కాదు. మామూలుగా సూది ఉండదు, రేడియేషన్ ఉండదు. పొట్టలోని రక్తనాళాలు చూడాలంటేనే పరగడుపున రమ్మంటారు. కాలికీ మెడకీ ఆ నియమం లేదు. చల్లటి జెల్ పూసి, ప్రోబ్‌ను చర్మం మీద జరుపుతూ పోతారు. అరగంట, మహా అయితే గంట.

తెర మీద ఎరుపు, నీలం కదులుతాయి. ఎరుపు మంచి రక్తం, నీలం చెడు రక్తం అనుకుంటాం. కాదు. ప్రోబ్ వైపు వస్తున్న రక్తానికి ఒక రంగు, దూరంగా పోతున్న దానికి మరొకటి, అంతే. ఒక్క మీట నొక్కితే రంగులు తారుమారవుతాయి. ఇంకా విచిత్రం, రక్తప్రవాహానికి సరిగ్గా లంబంగా ప్రోబ్ పెడితే, జోరుగా పారుతున్న రక్తం కూడా దాదాపు కదలనట్టే కనిపిస్తుంది. అందుకే వేగం కొలిచేటప్పుడు కోణం 60 డిగ్రీలు దాటనివ్వరు. మరి మన గురించి యంత్రం చెప్పే నిజంలో మన వంతెంత, చూసేవాడు నిలబడ్డ చోటు వంతెంత? ఈ పరీక్షకు ఆధారమైన సూత్రాన్ని 1842లో డాప్లర్ అనే శాస్త్రవేత్త చెప్పింది జంట నక్షత్రాల రంగుల గురించి. నక్షత్రాల రంగులకు ఆయన చెప్పిన కారణం నిలవలేదు, సూత్రం నిలిచింది.

అలాగని అంతా దృష్టిభేదమే అని తేల్చేయడానికీ లేదు. సిరలో రక్తం గడ్డకట్టిందో లేదో చూడటానికి వాడే ముఖ్యమైన పద్ధతి ప్రోబ్‌తో నొక్కడం. బాగున్న సిర పూర్తిగా అణిగిపోతుంది; గడ్డ ఉన్నది అణగదు. ఇంత యంత్రం ఉన్నా చివరికి తీర్పు చెప్పేది చేతి ఒత్తిడే!

ఈలోగా ‘ఊపిరి బిగపట్టండి’, ‘పాదం కదపండి’ అంటారు. అంటే రోగి ఊరికే పడి ఉన్న శరీరం కాదు, ఆ పరీక్షలో పనిచేస్తున్నవాడు. స్పీకర్లోంచి హుష్ హుష్‌మని వినిపించేది అతని రక్తమే. అయినా ‘ఏమైనా ఉందాండీ?’ అని అడిగితే ‘రిపోర్టు మీ డాక్టరుగారికి చూపించండి’ అని జవాబు.

గదిలో గోడ మీద ఒక బోర్డు ఉంటుంది: లింగ నిర్ధారణ చేయబడదు. 1994 నాటి చట్టం ఆ ఒక్క సంగతి చెప్పొద్దంది, మంచి కారణంతోనే. కాలి సిరలో ఏముందో కాలున్న మనిషికి చెప్పొద్దని మాత్రం ఆ చట్టం అనలేదు. సగం మాట విని రోగి హడలిపోతాడని, వైద్యం చేసే డాక్టరుకు మొత్తం కథ తెలుసని అంటారు. న్యాయమే. కానీ ఏమీ తెలియకుండా గుండె చిక్కబట్టుకుని సాయంత్రం దాకా కూర్చోవడం అంతకంటే తక్కువ హడలా?

స్కాన్ చేసే వైద్యులారా, బయట వరుస పొడవుగానే ఉంటుంది. అయినా తెరను కాస్త ఇటు తిప్పండి. గడ్డ లేకపోతే లేదని అక్కడే చెప్పండి. ఉంటే, ఇంటికి వెళ్లకుండా ఇప్పుడే డాక్టరును కలవమనండి. కాలిలోని గడ్డ విడివడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది.