ఒకే ఇంటికి రెండు లెక్కలు

ఇస్లాంలో విద్యకున్న స్థానం గురించి మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో పరిహారం చెల్లించే స్తోమత లేక, చదువు వచ్చినవారిని మదీనా పిల్లలకు చదవడం, వ్రాయడం నేర్పమని, అదే వారి విడుదలకు మూల్యమని దైవప్రవక్త ముహమ్మద్ (స) నిర్ణయించినట్లు చరిత్రకారులు వ్రాశారు. శత్రువు దగ్గర నుండి కూడా విద్యను స్వీకరించిన సమాజం మనది. కనుక మన పిల్లవాడు చదువు కోసం ఎంత దూరమైనా వెళ్ళవచ్చు. అయితే ఏ మాట చెప్పి వెళుతున్నాడు, ఏ కాగితం చూపి వెళుతున్నాడు అన్నది కూడా ధర్మానికి సంబంధించిన విషయమే.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తల్లాడ నుండి కొత్తగూడెం వెళ్ళే దారిలో ఉన్న జూలూరుపాడులో ఒక తండ్రి మోటారు సైకిళ్ళు బాగుచేసి ఇల్లు గడుపుతున్నాడు. పత్తి, మిర్చి డబ్బు రైతుల చేతికొచ్చిన నెలల్లో ఆయనకూ నాలుగు రూపాయలు మిగులుతాయి. వానాకాలంలో కొట్టు తెరిచినా బేరం ఉండదు. తల్లి బట్టలు కుడుతుంది. పెద్ద కొడుకు గల్ఫ్‌లో డ్రైవరు. రెండవవాడు ఇంటర్మీడియట్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నాడు. అమెరికాలో డిగ్రీ చదవాలని వాడి కోరిక.

అక్కడి పేరున్న ప్రైవేటు కళాశాలల్లో ఫీజు, వసతి, భోజనం కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతోంది. మన లెక్కలో దాదాపు 70 లక్షల రూపాయలు. అమెరికా కేంద్ర ప్రభుత్వం తన పౌరులకిచ్చే విద్యా సహాయం విదేశీ విద్యార్థులకు వర్తించదు. మన తెలంగాణ ప్రభుత్వం 2015లో మైనారిటీల కోసం ప్రారంభించిన విదేశీ విద్యా పథకం పీజీ, పీహెచ్‌డీ చదువులకే గాని డిగ్రీకి కాదు. ఇక మిగిలింది ఆ కళాశాలలే ఇచ్చే సహాయం. అది అప్పు కాదు. తిరిగి చెల్లించనవసరం లేని గ్రాంటు. వడ్డీకి దూరంగా బ్రతకాలనుకునే ఇంటికి ఇది గొప్ప అవకాశమే.

కానీ ఇక్కడొక చిక్కుంది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎం.ఐ.టి., ఆమ్హర్స్ట్ వంటి కొన్ని సంస్థలు విద్యార్థి పేదవాడా, ధనికుడా అన్నది చూడకుండా సీటు నిర్ణయించి, ఆ తర్వాత అవసరమైనంత సహాయం ఇస్తాయి. 2022లో డార్ట్‌మత్, బోడన్ కళాశాలలు కూడా విదేశీ విద్యార్థుల విషయంలో ఈ పద్ధతిలోకి వచ్చాయి. ఇటువంటివి వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్నే. తక్కిన కళాశాలల్లో అత్యధికం విదేశీ విద్యార్థి ఎంత సహాయం అడుగుతున్నాడో చూసిన తర్వాతే సీటు సంగతి తేలుస్తాయి. అంటే ఎక్కువ అవసరం ఉన్నవాడికి తక్కువ అవకాశం. నిజం చెప్పుకుంటే నష్టపోయే స్థితి. మా నేటి ప్రశ్న ఇదే: సత్యం చెబితే సీటు చేజారవచ్చని తెలిసినప్పుడు కూడా విశ్వాసి సత్యమే చెప్పాలా?

ఈ చోట షైతాన్ మూడు దారులు చూపిస్తాడు.

మొదటిది, లేమిని దాచిపెట్టడం. సహాయం అక్కర్లేదని వ్రాసి సీటు సంపాదించి, చేరిన తర్వాత అడుగుదామనుకోవడం. ప్రవేశ సమయంలో అడగని విదేశీ విద్యార్థికి తర్వాత సహాయం ఇవ్వబోమని చాలా కళాశాలలు ముందే చెబుతాయి. అటువంటివాడు ఏడాది తిరగకుండానే అప్పుల పాలవుతాడు, లేదా చదువు మధ్యలో మానుకుంటాడు.

రెండవది, లేమిని పెంచి చూపడం. గల్ఫ్ నుండి అన్న పంపే డబ్బు వ్రాయకపోవడం, తల్లి నగలు దాచడం, ఉన్న ఆదాయంలో సగానికే సర్టిఫికెట్ తెచ్చుకోవడం.

మూడవది, లేని కలిమిని చూపడం. వీసా కోసం కొన్ని వారాలపాటు ఖాతాలో లక్షలు వేసి, బ్యాంకు కాగితం చేతికి రాగానే ఆ సొమ్ము వెనక్కి తీసుకునే దళారులు మన పట్టణాల్లో ఉన్నారు. అందుకు వారు తీసుకునే కమీషన్ పేరు మార్చుకున్న వడ్డీయే.

ఆశ్చర్యమేమిటంటే రెండవ దారి, మూడవ దారి ఒకే ఇంట్లో కలుసుకోవడం! కళాశాలకు ఇచ్చే కాగితంలో ఆ ఇల్లు నిరుపేద. కాన్సులేట్‌కు ఇచ్చే కాగితంలో అదే ఇల్లు లక్షాధికారి. ఒకే ఇంటికి రెండు లెక్కలు. రెండూ అబద్ధమే. మన భుజాలపై ఉన్న గౌరవనీయులైన లేఖకులు (కిరామన్ కాతిబీన్) వ్రాసే మూడవ లెక్క మాత్రం ఒక్కటే ఉంటుంది.

“అంత సంపన్న సంస్థకు మన చిన్న అబద్ధం వల్ల పోయేదేముంది?” అని కొందరు అడుగుతారు. నిజమే, ఒక్క హార్వర్డ్ మూలధనమే 5,000 కోట్ల డాలర్లకు పైమాట. కానీ నష్టపోయేది సంస్థ కాదు. చాలా కళాశాలల్లో విదేశీ విద్యార్థుల సహాయానికి ఏటా ఇంత అని ఒక మొత్తం ఉంటుంది. అందులో మనం అబద్ధంతో ఒక వాటా తీసుకుంటే, నిజం వ్రాసిన మరో పేద పిల్లవాడి వాటా పోతుంది. వాడు నేపాల్ వాడో, ఘనా వాడో, మన పక్క మండలం వాడో కావచ్చు. ఇది దాసుల హక్కు (హుఖూఖుల్ ఇబాద్). దాసుల హక్కును కాజేసినవాడు పశ్చాత్తాపం చెందితే సరిపోదు. హక్కుదారుని హక్కు తిరిగి ఇవ్వాలి, లేదా అతన్ని క్షమాపణ కోరాలి. ఊరూ పేరూ తెలియని ఆ పిల్లవాణ్ణి మనం ఎక్కడ వెతుకుతాం? ప్రళయదినాన మాత్రం వాడే మనల్ని వెతుక్కుంటూ వస్తాడు. అక్కడ చెల్లింపు డాలర్లలో ఉండదు, మన పుణ్యాలలో ఉంటుంది.

“వారు ముస్లిములు కారు కదా” అనే మాట కూడా వినబడుతుంది. హిజ్రత్ రాత్రి దైవప్రవక్త (స) ప్రాణాలు తీయడానికి మక్కా ఖురైషులు కాచుకుని ఉన్నారు. ఆ మక్కావాసుల అమానతులే ఆయన దగ్గర ఉన్నాయి. వాటిని ఎవరివి వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (రజి)ని నియమించి మరీ ఆయన బయలుదేరారు. ఒక జాతిపై ఉన్న ద్వేషం సైతం మనల్ని న్యాయం తప్పనీయరాదన్నది దివ్యఖుర్ఆన్ ఆదేశం (మాయిదా: 8). ఇక మన బిడ్డకు అన్నం పెట్టి చదువు చెప్పే సంస్థ పట్ల ఎలా మసలుకోవాలో వేరే చెప్పాలా?

“అందరూ చేస్తున్నదే” అనేది మూడవ సాకు. అందరూ చేసినందువల్ల అబద్ధపు సాక్ష్యం పెద్ద పాపాల జాబితా నుండి తొలగిపోదు. దాని ఫలం ఈ లోకంలోనే కనిపించిన సందర్భాలూ ఉన్నాయి. 2024లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లీహై విశ్వవిద్యాలయంలో 19 ఏళ్ళ భారతీయ విద్యార్థి ఒకడు అరెస్టయ్యాడు. దొంగ మార్కుల పత్రాలు సృష్టించాడు. బతికున్న తండ్రిని చనిపోయినట్లు చూపి పూర్తి సహాయం పొందాడు. చివరకు నేరం ఒప్పుకుని స్వదేశానికి తిరిగి రావలసి వచ్చింది. సోదరులారా! కన్నతండ్రిని కాగితం మీద చంపుకుని సంపాదించిన చదువు ఎవరికి గౌరవం తెస్తుంది? ఇటువంటి ఒక్క సంఘటన చాలు, మరుసటి ఏడాది నిజంగానే తండ్రి లేని అనాథ పెట్టుకున్న దరఖాస్తును కూడా అధికారులు అనుమానంగా చూడటానికి.

ఇక దీనికి మరో వైపు చూద్దాం. మన ఇళ్ళలో కొందరు తల్లిదండ్రులు నిజమైన లేమిని కూడా చెప్పనివ్వరు. ఇంటి గుట్టు రచ్చకెక్కుతుందని, చేయి చాచడం అవమానమని అంటారు. అభిమానం మంచి గుణమే. ఎవరినీ పట్టి పీడించి అడగని పేదలను, వారి నిగ్రహం చూసి తెలియనివారు సంపన్నులనుకునే పేదలను అల్లాహ్ ప్రశంసించాడు (బఖరా: 273). సంపద పెంచుకోవడానికి జనాన్ని యాచించేవాడు నిప్పు కణికలు అడుగుతున్నట్లేనని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అయితే హజ్రత్ ఖబీసా (రజి) ఉల్లేఖనంలో అడగడానికి అనుమతి ఉన్న ముగ్గురి ప్రస్తావన ఉంది. వారిలో ఒకడు లేమికి గురైనవాడు. అతని వారిలోనే వివేకవంతులైన ముగ్గురు అతని లేమిని ధృవీకరించాలి (ముస్లిం). గమనించండి! అవసరం నిజమై ఉండాలి, దానికి సాక్ష్యం ఉండాలి, అవసరం తీరేవరకే అడగాలి. కళాశాల వారే ఇస్తామని పిలిచి, వివరాలు కోరినప్పుడు ఉన్నదున్నట్లు వ్రాసి ఇవ్వడం భిక్షాటన కాదు. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

ఉన్నదున్నట్లు వ్రాయడం ఎలా? జీతం చీటీ లేని కొట్టువాడికి ఇది కష్టమే. చాలా కళాశాలలు కోరే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే పత్రంలో ఆదాయం, ఆస్తి, అప్పు, కుటుంబ సభ్యుల సంఖ్య అన్నీ అడుగుతారు. ప్రత్యేక పరిస్థితులను సొంత మాటల్లో వివరించడానికి చోటు కూడా ఉంటుంది. ఏ నెలలో ఎంత వచ్చిందో కొట్టులోనే ఒక పుస్తకంలో వ్రాసి పెట్టుకోవాలి. గల్ఫ్ డబ్బు వస్తుంటే వస్తుందనే వ్రాయాలి. దానితో తీరుతున్న అప్పునూ వ్రాయాలి. తాత పేరున ఉన్న ఇల్లు తాత పేరుననే చూపాలి. తహశీల్దారు సర్టిఫికెట్‌లోని అంకె, పుస్తకంలోని అంకె ఒక్కటే కావాలి. పూర్తి సహాయం దొరికినవారికి వీసా కోసం అరువు సొమ్ము చూపే పని లేదు. కళాశాల ఇచ్చే ఐ-20 పత్రంలోనే ఆ సహాయం నమోదై ఉంటుంది.

నిజం చెబితే సీటు ఖాయమని మేము చెప్పడం లేదు. రాకపోవచ్చు. సీటు వచ్చినా వీసా రాకపోవచ్చు. అబద్ధం చెప్పినవాడు విమానం ఎక్కుతుండగా, నిజం చెప్పినవాడు జూలూరుపాడులోనే ఉండిపోవచ్చు. అది తేలికైన బాధ కాదు. కానీ తనకు భయపడేవారికి అల్లాహ్ మార్గం చూపుతాడని, వారు ఊహించని చోటు నుండి ఉపాధినిస్తాడని మన విశ్వాసం (తలాఖ్: 2, 3). ఆ మార్గం అమెరికాకే ఉండాలని నియమం లేదు. పొరుగునే ఉన్న కొత్తగూడెం గనుల ఇంజనీరింగ్ కళాశాల 2025లో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మారింది. విద్య ఎక్కడున్నా విద్యే.

చివరగా ఒక మాట జమాఅత్ పెద్దలకు. పిల్లవాణ్ణి నిజం చెప్పమని మనం ఆదేశిస్తున్నప్పుడు ఆ నిజం ఖరీదులో కొంత మనమూ భరించాలి. హదీసులోని ఆ ముగ్గురు వివేకవంతులు మన మస్జిదులోనే ఉండాలి. ఇంటి పరిస్థితి తెలిసినవారుగా తక్కువ చేయకుండా, ఎక్కువ చేయకుండా ఉత్తరం వ్రాసి ఇవ్వాలి. పాస్‌పోర్టుకు, పరీక్ష రుసుముకు లేనివాడు జకాత్‌కు అర్హుడైతే అతని హక్కు అతనికి చేర్చాలి. ఇవేవీ చేయకుండా అబద్ధమాడిన పిల్లవాణ్ణి మాత్రమే నిందిస్తే మన బాధ్యత తీరదు.

మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, ధర్మసమ్మతమైన ఉపాధిని, ఇంటా బయటా ఒకే లెక్క చెప్పగల ధైర్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.