త్రాగినవాడు పడిపోతే



"నా డబ్బు, నా ఒళ్ళు. నేను త్రాగితే ఎవరికేమి నష్టము?" అని అడిగేవారు మన మధ్య ఉన్నారు. ఈ ప్రశ్నను మేము తేలికగా తీసివేయము. ముందు శరీరము ఏమి చెబుతుందో చూద్దాము.

మితిమీరిన త్రాగుడు రక్తపోటును పెంచుతుంది. ఏండ్ల తరబడి ఆ ఒత్తిడికి మెదడులోని రక్తనాళము చిట్లవచ్చును. గుండె లయ తప్పితే లోపల రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోయి రక్తము పారే దారిని మూసివేయవచ్చును. "కొంచెము పుచ్చుకుంటే మంచిదే" అనే మాట మేమూ విన్నాము. చైనాలో సుమారు 5 లక్షల మందిని ఏండ్ల తరబడి గమనించిన పరిశోధన 2019లో వెలువడి, కొంచెము త్రాగుడు పక్షవాతమునుండి కాపాడుతుందన్న మాటను కొట్టివేసింది. రోజుకు నాలుగు చిన్న పెగ్గులంత మద్యము ఆ ముప్పును సుమారు 35 శాతము పెంచుతుందని తేల్చింది.

పక్షవాతము వచ్చేది ఒకరికే. మంచము దగ్గర కాచుకొనేది భార్య, చదువు మానేది బిడ్డ. కనుక "నా ఒళ్ళు" అన్న మాట సగమే నిజము.

అయితే మిగిలిన సగము మనకు తగులుతుంది. మా సంఘములో ఒక సహోదరుడు ఒక సాయంత్రము అరుగుమీద కూలబడ్డారు. మాట ముద్దగా వచ్చింది. ఆయన త్రాగుతారని అందరికీ తెలుసు గనుక "మత్తు దిగితే లేస్తారులే" అనుకొని మేము కూడా దాటిపోయాము. తెల్లవారేసరికి కుడి చేయి, కాలు పడిపోయాయి. గడ్డను కరిగించే మందు లక్షణములు మొదలైన నాలుగున్నర గంటలలోపే, అదీ స్కాను తీసి తగినవారికే ఇస్తామని డాక్టరు చెప్పినప్పుడు మేము తల దించుకొన్నాము.

త్రాగుడు ఆయన తప్పే. ఆ రాత్రి జరిగిన ఆలస్యము ఎవరి తప్పు? "చేసుకున్నవారికి చేసుకున్నంత" అనడము సులువు. కాని జబ్బుకు కారణము తెలుసుకొనుట వేరు, మనిషికి తీర్పు తీర్చుట వేరు. త్రాగనివారికి కూడా రక్తపోటువలన, చక్కెర వ్యాధివలన, పొగాకువలన పక్షవాతము వస్తుంది గదా!

కాబట్టి మూతి వంకరపోయినా, చేయి లేవకపోయినా, మాట తడబడినా, మద్యము వాసన వచ్చినా రాకపోయినా వెంటనే 108కి ఫోను చేయండి. ఎప్పుడు మొదలైనదో గుర్తుపెట్టుకోండి. రోజూ ఎక్కువగా త్రాగేవారు మానదలిస్తే ఒక్కసారిగా కాక డాక్టరు సలహాతో మానాలి. వారితోకూడ ఆస్పత్రికి వెళ్ళడానికి పెద్దలమైన మేము సిద్ధముగా ఉన్నాము.

ఆ సహోదరుడు ఇప్పుడు కర్ర పట్టుకొని ఆరాధనకు వస్తున్నారు. ఆయనను చూచినప్పుడెల్లా త్రాగుడును ద్వేషించాలనీ, త్రాగినవానిని విడిచి దాటిపోకూడదనీ మేము నేర్చుకొంటున్నాము.