ఆ బొట్టు మనది కాదు, అమ్మణ్ణీ

చిరంజీవి అమ్మణ్ణికి మీ పెదతాత దీవించి రాయునది.

నువ్వు పంపిన బొమ్మలు మీ అత్త తన ఫోన్లో చూపించింది. ‘మా నాయనమ్మ’ అని పేరు పెట్టిన బొమ్మ దగ్గర ఆగిపోయాను. నీకు చెయ్యి బాగా తిరిగింది, సందేహం లేదు. కానీ నుదుటి నిండా కుంకుమ బొట్టు, ఎర్రచీర, జడలో పూలచెండు, వెనకాల నీలి సముద్రం... ఆ మనిషి ఎవరమ్మా? మీ తాత పోయేటప్పటికి మీ నాయనమ్మకు ముప్పై నిండలేదు. మీ నాన్న చంకబిడ్డ. ఆ రోజు తీసిన బొట్టు ఆమె మళ్లీ పెట్టుకోలేదు. ఆమెకు ఆ బొమ్మ చూపించొద్దని మీ అత్తకు నేనే చెప్పాను.

ఆ బొట్టు ఎక్కడిదో నాకు తెలుసు. తోట వైకుంఠం గారి బొమ్మల్లోది. ఆయన 1942లో కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టారు. చిన్నతనంలో ఊరికొచ్చే నాటకాల వాళ్లలో మగవాళ్లు ఆడవేషం కట్టుకుంటే కళ్లప్పగించి చూసేవారట. తర్వాత బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ అంతటి గురువు దగ్గర చదువుకున్నా, ఆయన కుంచె తిరిగి తిరిగి తెలంగాణ పల్లె ఆడవాళ్ల దగ్గరికే వచ్చింది. మెదక్ వైపు నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారి మేకలూ, చెట్లూ, మనుషులూ అంతే. మార్క్ షగాల్ పారిస్‌లో ఉండి, 1911లో తన విటెబ్‌స్క్ ఊరిని గీశాడు. ఊరికి దూరంగా బతకడం తప్పేమీ కాదు. వాళ్లెక్కడున్నా వాళ్ల ఊరు వాళ్ల కళ్లలో ఉంది. నీ బొమ్మలో మాత్రం వైకుంఠం గారి ఊరు కనిపిస్తోంది. ఆయన మీద గౌరవముంటే ఆయన చేసిన పని చెయ్యి. ఆయన బొట్టు తెచ్చి మన మనిషికి పెట్టకు.

మన మనిషి ఎట్లా ఉండేదో చెబుతాను. ఎండాకాలం ఉప్పు కయ్యల్లో పొద్దుటినుంచీ పని. తెల్లటి ఉప్పు మీద ఎండ పడి కొడుతుంటే కళ్లు తెరవనివ్వదు. అందుకే ఆమె కనుబొమలు ఎప్పుడూ ముడిపడే ఉండేవి. నీడకొచ్చినా విడేవి కావు. మీ నాన్న చిన్నప్పుడు దాన్ని కోపం అనుకునేవాడు. చీర అంచు ఉప్పునీళ్లలో తడిసి, ఎండి, అట్టలా బిగుసుకుపోయి నడుస్తుంటే చప్పుడు చేసేది. వేళ్ల సందుల్లో ఉప్పు కోసిన పుండ్లు. ఇంకొక సంగతి, నువ్వు రంగుల మనిషివి కనక చెబుతున్నా. ఉప్పుటేటి నీళ్లు కయ్యలో చిక్కబడే కొద్దీ గులాబీ రంగు తిరుగుతాయి. ఆ రంగు వచ్చిన తర్వాతే ఉప్పు పేరుకుంటుంది. ఆ గులాబీ నీళ్లలో మోకాళ్ల దాకా దిగి నిలబడిన మీ నాయనమ్మను ఇంతవరకు ఎవరూ గీయలేదు. ఇక మన సముద్రమంటావా, ఒడ్డున అది ఇసక కలిసి మట్టిరంగులో ఉంటుంది. నీలం కావాలంటే చాలా లోపలికి పోవాలి.

మీ తాతకు కూడా బొమ్మల పిచ్చే. మా చిన్నతనంలో బకింగ్‌హాం కాలవలో ఇంకా పడవలు నడిచేవి. 1877-78 కరువులో పనులు చేపట్టినప్పుడు అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు దానికి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవను లాగేవాళ్లు. నా తమ్ముడు వాళ్ల వంగిన నడుములను ఉప్పు పాక మట్టిగోడ మీద బొగ్గుతో గీసేవాడు. మా నాయన కయ్యలోంచి వచ్చి తలగుడ్డ విప్పుతున్నట్టు కూడా ఒకటి గీశాడు. ఆ వాన కాలానికే ఆ గోడ కరిగిపోయింది. మళ్లీ గీస్తాడులే అనుకున్నాం. పనుల్లో పడిపోయాడు, తర్వాత మనిషే లేకుండా పోయాడు.

నాయనది ఒకే ఒక్క ఫొటో, కావలి స్టూడియోలో తీయించింది, ట్రంకు పెట్టెలో ఉండేది. 1989 నవంబరు తుపాను తెలుసు కదా, థాయ్‌లాండ్‌ను దాటి వచ్చి కావలి దగ్గర తీరం తాకింది. నీళ్లు తీశాక పెట్టె తెరిస్తే ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంది. అద్దం తీస్తే ముఖం అద్దంతోనే ఊడి వచ్చింది. మా అమ్మకు ఆ ముఖం కంటికి కట్టినట్టు ఉండేది. ఇళ్లు మళ్లీ నిలబెట్టుకునే ఆ తొందరలో ఆమె చేత చెప్పించి గీయించే తీరిక ఎవరికీ లేకపోయింది. ఆ మరుసటి ఏడు అమ్మ పోయింది. ఇప్పుడు నాయన నుదుటి మీది మచ్చ ఎడమ పక్కనని నేనంటాను, కుడి పక్కనని మా చెల్లెలంటుంది. తేల్చి చెప్పేవాళ్లు లేరు. కన్నతండ్రి ముఖం మీద ఇద్దరికీ మాట కలవకపోవడమనే బాధ నువ్వు పడకూడదు.

ఈ రోజుల్లో ఒక్కో ఫోన్లో వేల ఫొటోలు. అందులో ఉన్నదెవరు, ఏ ఊరు, ఏ ఏడు అని అడిగే వాళ్లు లేరు. పాత ఫొటో ఇస్తే ఫోనే రంగులేసి, చచ్చిపోయిన వాళ్ల చేత నవ్విస్తోంది. కళ్లముందున్నదాన్ని చూడకుండా, ఎక్కడో చూసినదాన్ని మనదనుకోవడం పెద్ద జబ్బయిపోయింది.

ఇక చేయాల్సింది విను. నువ్వు పంపిన ఆ బొమ్మను ఏ ప్రదర్శనలోనూ పెట్టకు. పెట్టక తప్పదంటే ‘మా నాయనమ్మ’ అనే పేరు తీసెయ్. మే నెలలో సెలవు పెట్టి రా. కయ్యలు పనిలో ఉండేది అప్పుడే. వారం రోజులు కుంచె ముట్టకుండా మీ నాయనమ్మ పక్కన కూర్చో. ఏం కట్టుకునేది, ఏం తినేది, ఎవరితో కలిసి పోయేది, అన్నీ అడుగు. ఫోన్లో రికార్డు చెయ్. ఇష్టం లేని సంగతి వదిలెయ్. ఆమె దుఃఖం ఆమె సొత్తు. గీసిన ప్రతి బొమ్మ వెనకా పేరు, ఊరు, ఏడు రాయి. అమ్మే ముందు అందులో ఉన్న మనిషికి చూపించు. ఇంట్లో ఉన్న పాత ఫొటోలన్నీ స్కాన్ చేయించి ఒక కాపీ నీ దగ్గర, ఒకటి మీ అత్త దగ్గర పెట్టండి. ఉప్పుగాలికీ తుపానుకీ ఒక్క ఇంటిని నమ్మకూడదు.

మీ నాయనమ్మకు ఈమధ్య పేర్లు తడబడుతున్నాయి. నిన్న నన్ను మీ తాత పేరుతో పిలిచింది. వచ్చే ఏడాది వస్తానని చెప్పకు. ఈ మే నెలకే టికెట్టు తీసుకో.

ఆశీస్సులతో,
మీ పెదతాత