కాలు కింద పెట్టనివ్వని కొడుకు

ఒక ఊళ్ళో ఎదురెదురు ఇళ్ళల్లో అక్కాచెల్లెళ్ళు ఉండేవారు. ఇద్దరికీ 70 దాటాయి.

అక్క కొడుకు తల్లిని పువ్వుల్లో పెట్టి చూసుకునేవాడు. "నువ్వు కాలు కింద పెట్టకమ్మా" అంటూ కాఫీ, కంచం, చివరికి చెయ్యి కడుక్కునే నీళ్ళు కూడా మంచం దగ్గరికే తెచ్చేవాడు. "కొడుకంటే అలా ఉండాలి" అనేవారు ఊళ్ళో.

చెల్లెలి కోడలు తీరు వేరు. అత్తగారు కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతానంటే వద్దనేది కాదు. "అత్తయ్యా, పెరట్లో కాస్త కరివేపాకు కోసుకురండి" అని పంపేది. గుడ్డు, గట్టిపప్పు, పెరుగు మాత్రం ఏ రోజూ తప్పనిచ్చేది కాదు. "ముసలిదానిచేత చాకిరీ చేయిస్తోంది" అని ఊరు ఆడిపోసుకుంది.

మూడేళ్ళు గడిచాయి. సంక్రాంతి వెళ్ళాక ఓ పెళ్ళికి అందరూ బయల్దేరారు. చెల్లెలు కడ్డీ పట్టుకుని బస్సెక్కేసింది. అక్క మొదటి మెట్టు మీద కాలు వేసింది కానీ ఒళ్ళు పైకి లేవలేదు. కొడుకు, కండక్టరు చెరో రెక్కా పట్టుకున్నా మోకాళ్ళు వణికిపోయాయి. తల్లీకొడుకులు వెనక్కి వెళ్ళిపోయారు.

పెళ్ళికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక కొడుకు ఎదురింటికి వచ్చాడు. "వదినా, అమ్మకు నేనేం తక్కువ చేశాను?"

"ఎక్కువే చేశారు మరిదిగారూ. పెద్దత్తయ్య కాళ్ళు చెయ్యాల్సిన పని కూడా మీరే చేశారు."

మర్నాటి నుంచి ఆ కోడలు పెద్దత్తయ్యచేత రోజూ కుర్చీలోంచి లేచి కూర్చునే సాధన చేయించింది. మొదట చేతుల ఊతంతో అయిదుసార్లు, తర్వాత పది, ఆ తర్వాత చేతులు గుండెలకు ఆనించి. శ్రీరామనవమికి పెద్దావిడ తనంతట తనే పందిరి దాకా నడిచి వెళ్ళి పానకం తాగింది.

నీతి: పెద్దవాళ్ళ పనంతా మనమే చేసిపెడితే వాళ్ళ బలాన్ని మనమే హరించినట్టు. 30 ఏళ్ళు దాటాక పదేళ్ళకు 3 నుంచి 8 శాతం దాకా కండ తరుగుతుంది. 60 తర్వాత ఇంకా వేగంగా. కండ కంటే బలం త్వరగా జారిపోతుంది, మంచాన ఉన్నకొద్దీ మరింత జారుతుంది. కానీ పని చెబితే కండ ఏ వయసులోనైనా వింటుంది. 1990లో వెలువడిన బోస్టన్ పరిశోధనలో సుమారు 90 ఏళ్ళ వృద్ధులు 8 వారాలు బరువులతో సాధన చేస్తే కాళ్ళ బలం సగటున రెట్టింపు దాటింది. కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేవబోతుంటే పడిపోకుండా పక్కనే నిలబడండి. లేచే పని మాత్రం వాళ్ళకే వదలండి.