ఎండిన చేయి, న్యాయమైన పరిహారం



సాయంకాలం ఇంటిల్లిపాదీ మోకరించి జపమాల చెప్పుకుంటాం. పూస తరువాత పూస వేళ్ళ మధ్య జరుగుతూ ఉంటుంది. కళ్ళు మూసుకున్నా ఇది మంగళవార్త జపం పూస, ఇది పరలోక జపం పూస అని వేలికే తెలుస్తుంది. దేవుడు వేలికొసలో పెట్టిన ఆ స్పర్శను మనం ఏనాడూ వరంగా లెక్కపెట్టలేదు. ఉన్నంతకాలం దాని విలువ తెలియదు.

ఇప్పుడు ఒక మనిషిని తలచుకోండి. పదిహేనేళ్ళు రాతి క్వారీలో జాక్‌హామర్ పట్టినవాడు. కంప్రెషర్ మోత మొదలైనది మొదలు అది ఆగేదాకా అతని రెండు చేతులూ అదురుతూనే ఉన్నాయి. ఈనాడు అతని వేళ్ళకు పూస తెలియదు. చొక్కా గుండీ పెట్టమని భార్యను పిలుస్తాడు. టీ గ్లాసు పట్టుకుంటే జారిపోతుంది. అర్ధరాత్రి తిమ్మిరికి మెలకువ వచ్చి, చేతులు విదిలించుకుంటూ మంచంమీద కూర్చుంటాడు. చుట్టుపక్కలవారు వయసు మీద పడిందంటారు. మేస్త్రీ నరాల బలహీనత అంటాడు. గురువుగారు పలకరిస్తే అతడు మాత్రం, ఇది దేవుడిచ్చిన సిలువ ఫాదర్, మోయాలి కదా, అంటాడు.

ప్రియులారా, ఈ వారం మనం ఆ చివరి మాటనే పరిశీలిద్దాం. అది నిజంగా దేవుడిచ్చిన సిలువేనా?

మార్కు సువార్త మూడవ అధ్యాయంలో ప్రార్థనామందిరానికి వచ్చిన ఒక మనిషిని చూస్తాం. అతని చేయి ఎండిపోయినది. అది కుడిచేయి అని లూకాగారు ప్రత్యేకంగా రాశారు. కుడిచేయి అంటే అన్నం పెట్టే చేయి. నాలుగవ శతాబ్దంలో పరిశుద్ధ గ్రంథాన్ని లాతీను భాషలోకి తెచ్చిన పునీత జెరోముగారు, మత్తయి సువార్తకు రాసిన వ్యాఖ్యానంలో ఈ మనిషి గురించి ఒక పాత సంప్రదాయాన్ని చెప్పారు. నజరేయులు అనే క్రైస్తవుల వద్ద ఉన్న సువార్తలో ఇతడు రాళ్ళతో కట్టడాలు కట్టే మేస్త్రీ అట. తాను చేతులతో పనిచేసి బ్రతికినవాడిననీ, సిగ్గు విడిచి అడుక్కునే దుస్థితి రాకుండా తన చేతిని బాగుచేయమనీ ప్రభువును వేడుకున్నాడట. ఇది పరిశుద్ధ గ్రంథ వాక్యం కాదు, జెరోముగారు భద్రపరచిన పాతకాలపు జ్ఞాపకం. అయినా మన క్వారీ మనిషికి ఇంతకంటే దగ్గర చుట్టం ఎవరు?

ప్రభువు అతనికి ఏమి చెప్పారో గమనించండి. నీ సిలువ ఓర్పుతో మొయ్యి అనలేదు. మూలన కూర్చున్నవాణ్ణి లేచి అందరి మధ్యకు రమ్మన్నారు. తప్పుపట్టడానికి పొంచి ఉన్నవారిని సూటిగా ప్రశ్నించారు. వారు నోరు మెదపలేదు. వారి హృదయ కాఠిన్యానికి ఆయన దుఃఖించారు, కోపగించారు కూడా. ఆ తరువాత చేయి చాపమన్నారు. దాచుకున్న చేతిని నలుగురిలో చాపడమే అతని విశ్వాసం.

ఈ జబ్బు కొత్తది కాదు. 1911లో ఇటలీలో లోరిగా అనే వైద్యుడు, గాలి ఒత్తిడితో నడిచే సుత్తులు పట్టిన రాతి పనివారిలో దీనిని గుర్తించాడు. 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, బెడ్‌ఫర్డ్ అనే ఊరిలో సున్నపురాయి చెక్కేవారిని ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు పరీక్షించింది. చలి ఉదయాలలో వారి వేళ్ళు రక్తం లేనట్లు తెల్లగా పాలిపోయి మొద్దుబారేవి. పనిముట్టు అదురు రోజురోజుకూ వేళ్ళలోని సన్నని రక్తనాళాలను, నరాలను చెడగొడుతుంది. మన ఎండల ప్రాంతంలో వేళ్ళు తెల్లబడడం కంటికి కనిపించకపోవచ్చు. తిమ్మిరి, మొద్దుబారడం, పట్టు సడలడం మాత్రమే కనిపిస్తాయి. కనుక వేళ్ళు తెల్లబడలేదు, నాకేమీ లేదు అనుకోవద్దు. మొదట్లోనే ఆ పని మానితే కొంత మేలు కనిపించవచ్చు. ముదిరిన తరువాత పని మానినా స్పర్శ తిరిగి రాదు. పొగతాగే అలవాటు ఉంటే బాధ మరింత పెరుగుతుంది.

దీనికి పరిహారం అడగడం ఎంత కష్టమో, అడిగితే ఏమవుతుందో బ్రిటన్ దేశపు బొగ్గుగని కార్మికుల చరిత్ర మనకు చెబుతుంది. అక్కడ ప్రభుత్వం దీనిని పనివల్ల వచ్చే జబ్బుల జాబితాలో చేర్చినది 1985లో మాత్రమే. లోరిగా చెప్పిన డెబ్బయి నాలుగేళ్ళకు! గనులలో డ్రిల్లింగు యంత్రాలు పట్టినవారు ప్రభుత్వ గనుల సంస్థ అయిన బ్రిటిష్ కోల్‌పై దావా వేశారు. ఈ ప్రమాదం యాజమాన్యానికి 1973 నాటికే తెలిసి ఉండవలసిందని 1996లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. అప్పటికే, 1994లో, గనులు ప్రైవేటువారికి అమ్ముడయ్యాయి. గనులైతే అమ్ముడయ్యాయి గాని బాధ్యత అమ్ముడు కాలేదు. 1998 జనవరి 1 నుండి ఆ బాధ్యతను ప్రభుత్వమే తలకెత్తుకున్నది. 1999లో పరిహార పథకం మొదలైంది. సుమారు 1,70,000 మంది తరఫున అర్జీలు వచ్చాయి. వంద కోట్ల పౌండ్లకు మించిన పరిహారం చెల్లించారు. చనిపోయిన కార్మికుల తరఫున వారి భార్యాబిడ్డలు కూడా అడగగలిగారు. కొందరు మొదట ధైర్యం చేసి న్యాయస్థానంలో తమ చేతులు చూపించారు కనుకనే లక్షమందికి పైగా దారి దొరికింది.

ఇక మన ఇళ్ళలో వినిపించే అభ్యంతరాలకు వద్దాం.

మొదటిది సిలువ మాట. మనిషి నిర్లక్ష్యంవల్ల వచ్చిన గాయాన్ని దేవుని ఖాతాలో రాయకండి. బాధను ప్రభువు సిలువతో కలిపి అర్పించడం పుణ్యమే. కాని ఆ బాధను కలిగించినవాని బాధ్యతను కప్పిపెట్టడం పుణ్యం కాదు, అతని ఆత్మకు కూడా మేలు కాదు. ప్రభువు తన సిలువను మోశారు. అయినా ప్రధానార్చకుని ఎదుట బంట్రోతు తనను చెంపపై కొట్టినప్పుడు, ఎందుకు కొట్టావని అడిగారు. అడగడం ఓర్పుకు విరుద్ధం కాదు.

రెండవది ఉప్పు మాట. ఆ యజమాని ఉప్పు తిన్నాను, అతనిమీద కేసు వేస్తానా అంటారు. ఈ కృతజ్ఞతాభావం మంచిదే. కాని మీరు తిన్నది మీరు చెమటోడ్చి సంపాదించిన ఉప్పే. కూలి ఇచ్చినది పనికి, చేతికి కాదు. నిర్గమకాండము ఇరవై ఒకటవ అధ్యాయం చూడండి. ఒకనివలన మరొకడు దెబ్బతిని మంచాన పడితే, పని పోయిన దినాలకు నష్టం కట్టాలి, పూర్తిగా నయమయ్యేదాకా వైద్యం చేయించాలి అని అక్కడ దేవుని ధర్మశాస్త్రం నియమించింది. ఇది దయాధర్మపు మాట కాదు, న్యాయపు మాట. 1891లో పదమూడవ లియో పోపుగారు కార్మికుల హక్కులపై రాసిన విశ్వలేఖ మొదలు, 1981లో రెండవ జాన్ పాల్ పోపుగారు మనిషి శ్రమపై రాసిన విశ్వలేఖ వరకు శ్రీసభ ఇదే బోధిస్తున్నది. ఆరోగ్యాన్ని చెడగొట్టని పనిచోటు కార్మికుని హక్కు అని 1981 నాటి ఆ లేఖ స్పష్టంగా చెబుతున్నది.

మూడవది డబ్బాశ మాట. నలుగురూ ఆశపోతు అంటారేమో అని భయపడతారు. ఇక్కడ మనం జాగ్రత్తగా నడవాలి, ఎందుకంటే ఆ ప్రమాదం నిజంగానే ఉన్నది. బ్రిటన్ పథకంలో ఇంటిపనులు సొంతంగా చేసుకోలేనివారికి అదనంగా కొంత సొమ్ము ఇచ్చేవారు. ఒక కార్మికుడు తన వకీలు ఆ సంగతి సరిగా చెప్పనందువలన నష్టపోయానని దావా వేశాడు. ఆ పనులు అతడు చేసుకోగలిగేవాడేనని విచారణ జరిపిన న్యాయమూర్తి తేల్చారు. నిజాయితీగా అడగగలిగిన అర్జీ అయితేనే అది పోయినందుకు నష్టం కోరవచ్చునని 2019లో ఆ దేశపు సుప్రీంకోర్టు చెప్పి, అతని దావాను తోసిపుచ్చింది. ప్రియులారా, లేని నొప్పిని ఉన్నదని చెప్పడం ఎనిమిదవ ఆజ్ఞను మీరడం. అంతేకాదు, నిజంగా చేయి ఎండినవాని మాటను కూడా అది నమ్మరానిదిగా చేస్తుంది. ఉన్నది ఉన్నట్లు చెప్పండి. తగ్గించవద్దు, పెంచవద్దు.

మరొక హెచ్చరిక. అదే పథకంలో వకీళ్ళ ఖర్చును ప్రభుత్వమే భరించింది. అయినా కొందరు వకీళ్ళు కార్మికుల పరిహారంలోంచి వాటా కోసుకున్నారు. ఆ తరువాత వారిలో కొందరికి క్రమశిక్షణా శిక్షలు పడ్డాయి. మన ఊళ్ళలోనూ, నేను ఇప్పిస్తాను, సగం నాకియ్యి అంటూ వచ్చే మధ్యవర్తులు ఉంటారు. చదవని కాగితంమీద వేలిముద్ర వేయకండి. పారిశ్రామిక కార్మికులకు, స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి 1987 నాటి చట్టం కింద ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉన్నది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి.

చీమకుర్తి, కరీంనగర్ ప్రాంతాల గ్రానైటు క్వారీల చుట్టూ, గల్ఫు దేశాల కట్టడాలలో బ్రేకర్లు పట్టి తిరిగి వచ్చినవారి ఇళ్ళలో ఈ మాటలు చదువుతున్నవారికి కొన్ని సూచనలు. తిమ్మిరి మొదలైన వెంటనే వైద్యునికి చూపించండి. ఏ యంత్రం పట్టారో, రోజుకు ఎన్ని గంటలో, ఎన్నేళ్ళో చెప్పి చీటీలో రాయించండి. మస్టరు నకలు, గుర్తింపు కార్డు, కూలి చీటీలు, బ్యాంకు పుస్తకం దాచిపెట్టండి. కాగితాలేమీ లేకపోతే మీతో పనిచేసినవారి పేర్లు రాసిపెట్టుకోండి. సంగతి యజమానికి రాతపూర్వకంగా తెలియజేసి నకలు ఉంచుకోండి. ఈఎస్ఐ కార్డు ఉంటే ఆ ఆసుపత్రిలో, లేకుంటే కార్మికశాఖ కార్యాలయంలో విచారించండి. 1923 నుండి మన దేశంలో ఉన్న కార్మిక నష్టపరిహార చట్టం నియమాలు, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో చేరాయి. అర్జీకి గడువు ఉంటుంది కనుక పండుగ తరువాత, పెళ్ళి తరువాత అని వాయిదా వేయకండి.

యజమానులుగా ఉన్న మన విశ్వాసులకు కూడా ఒక మాట. మన భాషలో పాపానికి పరిహారం అంటాం, నష్టానికీ పరిహారమే అంటాం. రెండింటికీ ఒకే మాట ఉండడం మన పెద్దల వివేకం. అన్యాయంగా తీసుకున్నదాన్ని తిరిగి ఇవ్వకుండా, చేసిన నష్టాన్ని పూడ్చకుండా చేసే పాపసంకీర్తనం అసంపూర్ణం. జక్కయ్య ప్రభువుకు భోజనం పెట్టి ఊరుకోలేదు. మోసపోయినవారికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మీరు గుడికి గంట చేయించవచ్చు, పండుగకు దీపాలు పెట్టించవచ్చు. కాని మీ క్వారీలో చేయి పోయినవాడు గుడి వెనుక వరుసలో కూర్చొని ఉండగా ఆ గంట ఏమని మ్రోగుతుంది? అదురు తక్కువ ఉండే యంత్రాలు కొనండి. పాతవాటికి సకాలంలో మరమ్మతు చేయించండి. ఒకే మనిషి దినమంతా పట్టకుండా వంతులు మార్చండి. చేయి చెడిపోయినవానిని తరిమివేయక తేలిక పని చూపించండి.

ఇంట్లో ఉన్న తల్లులు, బిడ్డలు కూడా గమనించండి. ఇంటి పెద్ద చేతిలోంచి గ్లాసు జారితే విసుక్కోకండి. ఆ చేయి మిమ్మల్ని పోషించిన చేయి. అర్జీ రాయడానికి చదువుకున్న బిడ్డలు కూర్చోండి. కార్యాలయానికి తోడు వెళ్ళండి. ఒక్కడే వెళ్ళినవాణ్ణి రేపు రమ్మంటారు, నలుగురు వెళితే కుర్చీ వేస్తారు.

1955లో పన్నెండవ పయస్ పోపుగారు మే 1వ తేదీని శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగగా నియమించారు. ఆ వడ్రంగి చేతులే బాలయేసుకు అన్నం పెట్టాయి. ఆ చేతులను గౌరవించే మనం, మన పక్కింటి శ్రామికుని చేతులను మరువగలమా?

ఈ రాత్రి జపమాల పట్టుకున్నప్పుడు, పూస తెలియని వేళ్ళకోసం ఒక మంగళవార్త జపం చెప్పండి. ఆ వేళ్ళు మీ ఇంటివే అయితే, రేపు ఉదయం ఆ మనిషి చేయి పట్టుకొని వైద్యుని వద్దకు బయలుదేరండి. ప్రార్థనామందిరం మధ్యకు పిలిచిన ప్రభువే మీకు తోడై ఉండును గాక! ఆమెన్.