ఇచ్చెయ్యడమా? ఓర్చుకోవడమా?

ఇంగ్లీషు 'ఫర్‌గివ్'లో 'గివ్' దాక్కుని ఉంది, గమనించారా? జర్మన్ 'ఫెర్‌గేబెన్', డచ్చి 'ఫెర్‌ఖేవెన్' కూడా అంతే. లాటిన్ 'పెర్‌దొనారే'ని చూసి అచ్చు దించిన మాటలంటారు పండితులు. పూర్తిగా ఇచ్చెయ్యడం, అంటే బాకీ వదిలెయ్యడమన్నమాట.

మన 'క్షమ'కి మూలార్థం ఓర్చుకోవడం. భూమికీ అదే పేరు! అందుకే కాబోలు, ఆ గుణాన్ని ఆడవాళ్ళకి అంటగట్టేశారు. ఓర్చుకున్నది లోపలే ఉండిపోతుంది. ఇచ్చేసింది చెయ్యి దాటిపోతుంది. నాకైతే ఇవ్వడమే నచ్చింది. ఇచ్చే చేతికి 'ఇవ్వను' అనే హక్కూ ఉంటుంది కదా!

అయితే ఒక్క తిరకాసు. ఆ 'ఇవ్వడం' నుంచే పుట్టిన 'గిఫ్ట్' ఇంగ్లీషులో కానుక, జర్మన్‌లో విషం. "పోనీలే, క్షమించాను" అని పదిమందిలో ప్రకటించే వాళ్ళ గొంతులో ఆ రెండో అర్థం నాకు చాలాసార్లే వినిపించింది.