ప్రవచనం నెరవేరాలని అన్యాయం చేయవచ్చా?

ఒక జుమా రోజు నమాజు ముగిశాక ఒక యువకుడు నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "మౌలానా! నాతో పనిచేసే క్రైస్తవ మిత్రుడొకడున్నాడు. చాలా మంచివాడు. కాని పాలస్తీనా మాటెత్తితే చాలు, 'యూదులు ఆ నేలకు తిరిగి రావాలని బైబిల్లో ముందే వ్రాసి ఉంది. ఆ తర్వాతే ప్రభువు రాకడ. దేవుడు వ్రాసినదాన్ని తప్పుపట్టడానికి మనమెవరం?' అంటాడు. నేనేం జవాబు చెప్పాలి?" అని అడిగాడు.

ఈ ప్రశ్నకు కోపంతో జవాబు చెప్పడం తేలిక. కాని ఇందులో రెండు విషయాలున్నాయి. యూదుల భవిష్యత్తు గురించి క్రైస్తవులు నిజంగా ఏమి నమ్ముతున్నారన్నది మొదటిది. ఒక సంఘటన జరుగుతుందని దైవగ్రంథం ముందే చెబితే, దాన్ని జరిపించడానికి మనిషి ఏ పని చేసినా అది ధర్మమైపోతుందా అన్నది రెండోది. ఈ రెండో ప్రశ్న క్రైస్తవులకే కాదు, మనకూ వర్తిస్తుంది.

క్రైస్తవులందరి మాట ఒకటి కాదు

గ్రంథప్రజలందరూ ఒకే తీరువారు కారని దివ్యఖుర్ఆన్ (3:113) మనకు నేర్పింది. కనుక ముందుగా వారి అభిప్రాయాలను ఉన్నవి ఉన్నట్లు తెలుసుకుందాం.

ఈ చర్చకు ముఖ్యమైన ఆధారం పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలోని 9, 10, 11 అధ్యాయాలు. అక్కడ ఆయన ఒలీవ చెట్టు ఉపమానం చెప్పాడు. విశ్వసించని యూదులు విరిగిపోయిన కొమ్మల వంటివారని, ఇతర జాతుల నుంచి వచ్చిన విశ్వాసులు అంటుకట్టిన అడవి కొమ్మల వంటివారని అన్నాడు. అయితే విరిగిన కొమ్మలను దేవుడు మళ్ళీ అంటుకట్టగలడని, చివరికి ఇస్రాయీలంతా రక్షణ పొందుతుందని కూడా వ్రాశాడు. ఇక్కడ ఇస్రాయీల్ అంటే ఎవరు? యూదజాతియా? లేక యూదులూ ఇతరులూ కలిసిన విశ్వాసుల సమాజమా? దీనిపై క్రైస్తవ పండితులు నేటికీ ఒక్క మాట మీద లేరు.

శతాబ్దాల పాటు చర్చిలో ఎక్కువగా వినిపించిన మాట, 'పాత నిబంధన వాగ్దానాలన్నీ ఇప్పుడు చర్చికే చెందుతాయి' అన్నది. క్రీ.శ. 430లో మరణించిన అగస్టీన్ అనే ప్రసిద్ధ పండితుడు, యూదులను చంపకూడదని, వారు చెల్లాచెదురుగా బ్రతుకుతూ తమ గ్రంథాల ద్వారా క్రైస్తవానికి సాక్షులుగా ఉండాలని బోధించాడు. ప్రాణం నిలిచింది గాని గౌరవం నిలవలేదు. 1215లో జరిగిన నాలుగో లాటరన్ సభ, యూదులూ ముస్లిములూ వేరే దుస్తులు ధరించి విడిగా గుర్తింపబడాలని శాసించింది. మార్టిన్ లూథర్ 1523లో యూదులతో మంచిగా మెలగాలని వ్రాశాడు, వారు తన మతంలోకి వస్తారని ఆశించాడు. వారు రాలేదు. 1543లో అదే లూథర్ వారి ప్రార్థనాలయాలను తగులబెట్టమని వ్రాశాడు. ఒక జాతిని మనుషులుగా కాక, మన నమ్మకాన్ని నిజం చేసి చూపే సాధనంగా చూస్తే ప్రేమ ఎంత త్వరగా ద్వేషమవుతుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

పంతొమ్మిదో శతాబ్దపు కొత్త వ్యాఖ్యానం

ఆ యువకుని మిత్రుడు చెప్పే మాటకు ప్రచారం కల్పించినవారిలో ముఖ్యుడు జాన్ నెల్సన్ డార్బీ (1800-1882). దేవునికి చర్చి విషయంలో ఒక ప్రణాళిక, యూదజాతి విషయంలో మరో ప్రణాళిక ఉన్నాయని ఆయన బోధించాడు. విశ్వాసులు ఎత్తబడతారు, ఆ తర్వాత మహాశ్రమల కాలం వస్తుంది, పిదప ఏసు రాకడ, వెయ్యేండ్ల పరిపాలన. 1909లో వెలువడిన స్కోఫీల్డ్ వ్యాఖ్యాన బైబిలు ఈ వరుసను అమెరికాలో ఇంటింటికీ చేర్చింది. 1891లోనే విలియం బ్లాక్‌స్టోన్ అనే బోధకుడు, పాలస్తీనాను యూదులకు ఇప్పించాలంటూ నాలుగు వందలకు పైగా ప్రముఖుల సంతకాలతో అమెరికా అధ్యక్షుడు హారిసన్‌కు వినతిపత్రం సమర్పించాడు. 1970లో హాల్ లిండ్సే వ్రాసిన పుస్తకం, 1948లో ఇజ్రాయెల్ ఏర్పడటమే అంత్యకాలానికి గుర్తు అని చెప్పి లక్షలాది ప్రతులు అమ్ముడుపోయింది.

ఇజ్రాయెల్ ఏర్పడటానికి ఈ నమ్మకం ఒక్కటే కారణం కాదు. ఐరోపాలో యూదులపై జరిగిన ఘోరాలు, యూదుల స్వంత జాతీయోద్యమం, బ్రిటిష్ సామ్రాజ్య ప్రయోజనాలు కూడా కారణాలే. న్యాయంగా మాట్లాడేవాడు వీటిని దాచకూడదు.

ఇంతకూ ఈ వ్యాఖ్యానంలో యూదుల గతి ఏమిటి? జెకర్యా గ్రంథం 13వ అధ్యాయాన్ని ఆధారం చేసుకుని, ఆ శ్రమల కాలంలో ఆ దేశంలోని యూదులలో మూడింట రెండు వంతుల మంది నశిస్తారని, మిగిలినవారు ఏసును అంగీకరిస్తారని ఈ వర్గంలో చాలామంది చెబుతారు. అంటే ఎవరిని ప్రేమిస్తున్నామంటున్నారో, వారిని వధ్యస్థలం వైపే నడిపిస్తున్నారన్నమాట! ఇది ప్రేమేనా?

మరోవైపు ఈ వాదాన్ని తిరస్కరించే క్రైస్తవులూ ఎందరో ఉన్నారు. 1965లో కేథలిక్ చర్చి తన రెండో వాటికన్ సభలో, యూదులను దైవశాపగ్రస్తులుగా చిత్రించకూడదని ప్రకటించింది. 2006 ఆగస్టులో జెరూసలేములోని నలుగురు క్రైస్తవ మతాధిపతులు ఈ 'క్రైస్తవ జియోనిజాన్ని' తప్పుడు బోధగా ఖండిస్తూ ఉమ్మడి ప్రకటన చేశారు. బెత్లెహేము, నజరేతుల్లోని అరబ్ క్రైస్తవులు ఏసు పుట్టి పెరిగిన ఊళ్ళలోనే ఉంటున్నారు. ఈ ప్రవచన వ్యాఖ్యానం వారినీ లెక్కలోకి తీసుకోదు.

వార్త వేరు, ఆజ్ఞ వేరు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. 1948లో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్ళూ పొలాలూ కోల్పోయారు. 'ఇది ముందే వ్రాసి ఉంది' అన్న ఒక్క మాటతో వారి కన్నీళ్ళకు జవాబు చెప్పినట్లవుతుందా?

1969 ఆగస్టు 21న డెనిస్ మైఖేల్ రోహన్ అనే ఆస్ట్రేలియా క్రైస్తవుడు మస్జిదె అఖ్సాకు నిప్పు పెట్టాడు. యూదుల దేవాలయానికి దారి ఏర్పడితే ఏసు రాకడ త్వరపడుతుందని అతడు నమ్మాడు. సలాహుద్దీన్ అయ్యూబీ ప్రతిష్ఠించిన మింబర్ ఆ మంటల్లో కాలిపోయింది. న్యాయస్థానం అతడు మతిస్థిమితం లేనివాడని తేల్చింది. ఒక రోగి చేసిన పనిని క్రైస్తవులందరికీ అంటగట్టడం అన్యాయం. కాని 'ప్రవచనాన్ని నా చేతులతో నెరవేరుస్తాను' అన్న ఆలోచన ఎక్కడిదాకా తీసుకెళ్తుందో ఆ అగ్ని చూపింది.

మన పండితులు దైవసంకల్పాన్ని రెండు విధాలుగా వివరించారు. మొదటిది కౌనీ. అంటే లోకంలో జరగబోయేదాని గురించిన నిర్ణయం. రెండోది షరయీ. అంటే మనిషి చేయవలసినదాని గురించిన ఆజ్ఞ. భవిష్యవాణి మొదటి కోవకు చెందిన వార్త. మనం జవాబు చెప్పుకోవలసింది మాత్రం రెండోదాని గురించే.

హజ్రత్ యూసుఫ్ (అ) గాథ చూడండి. సోదరులు తనకు తలవంచుతారని ఆయన చిన్ననాడే కలగన్నారు. ఆ కల నెరవేరడానికి దారి సోదరులు ఆయన్ని బావిలో పడవేయడంతోనే మొదలైంది. అయినా వారు 'మేము ప్రవచనాన్ని నెరవేర్చాం' అని చెప్పుకున్నారా? లేదు, పాపులమని ఒప్పుకుని క్షమాపణ వేడుకున్నారు. క్రైస్తవుల స్వంత సువార్తల్లోనూ ఇదే నీతి ఉంది. ఏసును అప్పగించడం ముందే వ్రాయబడిందని చెబుతూనే, అప్పగించిన ఇస్కరియోతు యూదా దోషి అని అవి చెబుతాయి. మరి యూదాకు వర్తించని మినహాయింపు ఒక ఊరిని ఖాళీ చేయించినవానికి ఎలా వర్తిస్తుంది?

వాగ్దానం రక్తానికా, నీతికా?

'ఆ పవిత్ర భూమిని అల్లాహ్ మూసా (అ) జాతికి వ్రాసిపెట్టాడని ఖుర్ఆన్‌లోనూ (5:21) ఉంది కదా' అని కొందరు అడుగుతారు. నిజమే. కాని ఆ వెంటనే వచ్చే ఆయతులు కూడా చదవాలి. అవిధేయత చూపినప్పుడు అదే భూమి అదే జాతికి నలభై ఏళ్ళు నిషేధించబడింది. హజ్రత్ ఇబ్రాహీం (అ) తన సంతానం కోసం నాయకత్వాన్ని అర్థించినప్పుడు, తన వాగ్దానం దుర్మార్గులకు వర్తించదని అల్లాహ్ స్పష్టం చేశాడు (2:124). కనుక వంశం ఎవరికీ హక్కుపత్రం కాదు. యూదులకే కాదు, అరబ్బులకూ, ముస్లిములమని పేరు పెట్టుకున్న మనకూ కాదు. మీ ఆశలతోగాని, గ్రంథప్రజల ఆశలతోగాని పని జరగదని, చెడు చేసినవాడు దాని ఫలితం పొందుతాడని ఖుర్ఆన్ (4:123) హెచ్చరించింది.

మన ఇంటినీ చూసుకుందాం

ఇతరుల తప్పు చూపి ఇక్కడితో ఆగిపోతే ఈ వ్యాసం అసంపూర్ణమే. ప్రళయ సూచనల గురించి, యూదులతో జరిగే చివరి యుద్ధం గురించి మన హదీసుల్లోనూ వార్తలున్నాయి. హదీసు వ్యాఖ్యాతలు దీన్ని దజ్జాల్ కాలానికి, హజ్రత్ ఈసా (అ) దిగివచ్చే సమయానికి సంబంధించిన వార్తగా వివరించారు. కాని మనలో కొందరు దాన్ని ఈనాడు ప్రతి యూదుణ్ణీ ద్వేషించడానికి ఆజ్ఞలా వినిపిస్తున్నారు. ఇది డార్బీ అనుచరులు చేసిన పొరపాటే, మన భాషలో.

మహాప్రవక్త (స) మార్గం చూడండి. ఒక యూదుని శవయాత్ర వెళుతుంటే ఆయన లేచి నిలబడ్డారు. అతను యూదుడని చెబితే, అతనిదీ ప్రాణమే కదా అన్నారు (బుఖారీ). ప్రళయం ఎప్పుడని ఒకరు అడిగితే, దానికోసం నువ్వేం సిద్ధం చేసుకున్నావని ఎదురు ప్రశ్న వేశారు (బుఖారీ, ముస్లిం). చేతిలో మొక్క ఉండగా ప్రళయం వచ్చిపడినా, వీలైతే దాన్ని నాటమని ఉపదేశించారు (ముస్నద్ అహ్మద్). అంతిమ ఘడియ వచ్చినా మనిషి కర్తవ్యం మారదు.

కాబట్టి 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌లో హతులైన నిరాయుధ పౌరులైనా, ఆ తర్వాత గాజాలో పదుల వేల సంఖ్యలో హతులైనవారిలోని స్త్రీలూ, పసిపిల్లలూ అయినా, ప్రాణం ప్రాణమే. ఏ ప్రవచనమూ దాని విలువను తగ్గించదు. ఒక జాతిపై ఉన్న కోపం కూడా న్యాయం తప్పడానికి సాకు కారాదన్నది ఖుర్ఆన్ (5:8) ఆజ్ఞ.

ఆ యువకునికి నేను ఇలా చెప్పాను: "నాయనా! నీ మిత్రునితో తగవు పెట్టుకోకు. మేమూ హజ్రత్ ఈసా (అ) రాక కోసం ఎదురుచూస్తున్నామని చెప్పు. ఆయన న్యాయాధిపతిగా వస్తారని మా ప్రవక్త (స) తెలిపారని చెప్పు. న్యాయం చేయడానికి వచ్చే ఆయనకు అన్యాయంతో బాట వేయగలమా అని ప్రేమగా అడుగు. ఆ ప్రశ్న నిన్ను నీవు కూడా వేసుకో."

రేపటి రహస్యాలు అల్లాహ్ వద్దనే ఉన్నాయి. ఈనాటి న్యాయం మన చేతుల్లో ఉంది. మిత్రుని పట్లా, శత్రువు పట్లా న్యాయంపై నిలిచే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.